ఈడిత్ కళ్లకు మూడో అక్షరం

హార్‌బెక్, మార్చి 3

రాతి మీద అక్షరాలు చెక్కే ఆగ్నెస్ కల్పిన్ గారికి,

నా భార్య ఈడిత్ సమాధికి మీరు ఎంచిన నల్లరాయి ప్రశాంతంగా ఉన్నది. పేరు కింద ఒక్క వాక్యం చెక్కండి: ‘గ్రే కళ్లతో లోకాన్ని ప్రేమించింది.’

భవదీయుడు,
సెప్టిమస్ ఆల్‌రెడ్, విశ్రాంత పాస్టరు

తా.క. త్వరపడగలరా? పలక లేని సమాధిని చూసి ఇంటికి తిరిగి రావడం నాకు చేతకావడం లేదు.

మార్చి 9

పాస్టరుగారికి ఆగ్నెస్ నమస్కరించి,

ఒక్క సందేహమండీ. ఇంగ్లీషు గ్రేలో మూడో అక్షరం ‘ఈ’నా (grey), ‘ఏ’నా (gray)? మేడ అంతస్తుకున్న (storey) ‘ఈ’ చెప్పుకునే కథకు (story) ఉండదు. అక్కడ అర్థమే వేరు. గ్రే మాత్రం ఎలా రాసినా ఒకటేనంటుంది నిఘంటువు. అయినా కళ్ల సంగతి మీకే తెలియాలి. రాతి మీద చెరపడం కుదరదు.

ఇట్లు,
ఆగ్నెస్

తా.క. తొందరేం లేదు.

ఏప్రిల్ 20

అమ్మా ఆగ్నెస్,

నిఘంటువు ఈడిత్‌ను చూడలేదు. ‘ఈ’ అంటే వేకువన సరస్సు మీద నిలిచే పొగమంచు. ‘ఏ’ అంటే పావురం మెడ మీది వెండి నీడ. ఆరు వారాలుగా ఉదయం మంచును, మధ్యాహ్నం పావురాలను పరిశీలిస్తున్నాను. నిన్న కునుకులో ఆమె తోట గేటు పక్కన నిలిచి నా వైపు చూసింది. చేరువయ్యేలోగా మెలకువ వచ్చింది.

ఆశీస్సులతో,
సెప్టిమస్

తా.క. పావురాలకు రోజూ రొట్టె కొంటున్నాను. అమ్మే ఆవిడ నాకు మతి పోయిందనుకుంటున్నది.

మే 2

పాస్టరుగారూ,

పావురం గురించి ముచ్చటగా రాశారని ‘ఏ’ అనుకుని సుద్దతో గీశాను. చర్చి పెద్ద డెన్‌హోమ్ గారు చూసి, “‘ఏ’ అమెరికా వాళ్ల స్పెల్లింగు కదా, ఈడిత్ అమెరికా ఎప్పుడెళ్లిందమ్మా?” అన్నారు. ఆయన కోసం ‘ఈ’ గీశాను. మీరు నొచ్చుకుంటారని మళ్లీ ‘ఏ’ గీశాను.

మీ ఆగ్నెస్

తా.క. ఇప్పుడక్కడ సుద్ద మేఘం ఒక్కటే ఉంది.

మే 10

అమ్మా,

సత్యం చెప్పక తప్పదు. పెళ్లికి ముందు ఒక పద్యంలో గ్రీకు దేవత కళ్ల గ్రే రంగును ఈడిత్‌కు ఇచ్చాను. ఆ పద్యం కంఠతా ఉన్నది. కళ్లు గుర్తు రావడం లేదు. ఇటువంటివాడికి ఆమె రాతి మీద మాట పెట్టే అర్హత ఎక్కడిది? పలక వద్దు.

సెప్టిమస్

మే 12

పాస్టరుగారూ,

ఇక దాచలేనండీ. కిందటేడు అక్టోబరులో మీ ఆవిడ మా దుకాణానికి వచ్చారు. తన సమాధికి రాయి ఆవిడే ఎంచుకున్నారు. “నేను పోయాక మా ఆయన రాతి మీద గ్రే కళ్లని చెక్కమంటాడు ఆగ్నెస్. నావి గోధుమరంగు కళ్లు. అంత ఇష్టంగా పద్యం చదివి వినిపిస్తుంటే కాదనడం మర్యాద కాదని ఊరుకున్నాను. నలభై రెండేళ్లు అయిపోయాయి. నువ్వు మటుకు మూడో అక్షరం ఏదని అడుగు. సందేహం ఒకటి చేతికిస్తే చాలు, పొద్దున్నే లేస్తాడు, నాలుగడుగులు నడుస్తాడు, వేళకింత తింటాడు. తనంతట తనకే అనుమానం వచ్చిననాడు నిజం చెప్పేసేయ్,” అన్నారు.

నిన్న కిటికీలోంచి మిమ్మల్ని చూశాను. మొహంలో కళ వచ్చింది. ఇవాళ ఉలి పట్టాను.

మీ ఆగ్నెస్

తా.క. గోధుమరంగుకు స్పెల్లింగు ఒక్కటే. అందుకే మిమ్మల్ని అడగలేదు.