విగ్గు వద్దని చెప్పండి

ఏమండీ,

డబ్బింగ్‌కి ఫిల్మ్‌నగర్ వెళ్తున్నాను, కారొచ్చింది. రేపు కీమో మొదలైతే నోరు పూస్తుందని డాక్టరమ్మ చెప్పింది కదా. అందుకే చివరి రీలు ఇవాళే చెప్పేసి వస్తాను. ఆ ఏడుపు సీను ఇంకొకరు చెబితే నేను వినలేను.

మీరు థర్మామీటరు కొని ఉంచండి. రేపట్నుంచి నా ఒళ్లు వెచ్చబడితే ఇంట్లో ఉన్న మాత్ర వేసి ఊరుకోకూడదట, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలట. మీ జలుబు తగ్గేదాకా ముందుగదిలో పడుకోండి. చూడ్డానికి వస్తామన్న చుట్టాలను ఇప్పుడే రావద్దనండి.

మేకప్ పట్టాభిని నాకు విగ్గు చేయమని మీరు అడిగారట. వద్దని చెప్పండి. హీరోయిన్లు ఎందరు మారినా తెర మీద ఏడ్చిన గొంతు నాదే. టైటిల్స్‌లో నా పేరు ఏనాడూ వేయలేదు, అయినా థియేటర్లో జనం కళ్లు తుడుచుకున్నారు. వాళ్లలో నా జుట్టు చూసి ఏడ్చినవాళ్లు ఒక్కరూ లేరు.

లీల

మీరు నా జడ చూసే పెళ్లికి ఒప్పుకున్నానని అందరితో అంటుంటారు. పెళ్లిచూపుల్లో మీరు తలే ఎత్తలేదనీ, పక్కగదిలోంచి నా మాట వినే సరేనన్నారనీ అత్తయ్యగారు నాకెప్పుడో చెప్పారు.