మాడు కుంగినందుకు ఒక పేరు

మ్జింబా, ఆస్పత్రి వరండా

తమ్ముడు మ్జోండీ,

ఫోన్లో నా మాట వినకుండా పెట్టేశావు, అందుకే రాస్తున్నాను. నీ భార్య తివోంగే ఎవడితోనో తిరిగిందని అమ్మ చెప్పిన కథ నమ్మి గని నుంచి ఊగిపోతూ రాకు.

నేను వెళ్లేసరికి నీళ్ల విరేచనాలతో నీ బిడ్డ మాడు గుంటపడి ఉంది. ఏడుస్తోంది, కన్నీళ్లు రావడం లేదు. నోరు పిడచకట్టింది, పొద్దుటి నుంచి ఉచ్చ పోయలేదు. ఒంట్లో నీరు ఇంకిపోయిందని ఎవరికైనా తెలుస్తుంది. తల్లి తప్పు చేస్తే బిడ్డ మాడు కుంగుతుందని నమ్మే మన పెద్దలకు మాత్రం అందులో తల్లి రంకు కనిపించింది. ఒకడు మందంటూ ఆకులు నమిలి ఆ మాడు మీద ఉమ్మాడు. ఆ ఎంగిలి పసిదాని కళ్లలోకి కారుతుంటే అమ్మ, "వాడి పేరు చెప్పవే, అప్పుడే ఆస్పత్రి" అంది. మొగుడు తప్పు చేసినా మాడు కుంగుతుందనేదీ వీళ్లే. మరి నీ సంగతి ఒక్కరూ అడగలేదేం?

తివోంగే నోటికొచ్చిన పేరేదో చెప్పింది. అప్పుడు గాని దారి వదల్లేదు.

ఇక్కడ ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు చెంచాతో పడుతుంటే బిడ్డ కళ్లు తెరిచింది.

"వదినా, ఆయన నన్ను ఉంచుకుంటాడా?" అంది నీ భార్య.

"ఉంచుకోకపోతే వాడి ఖర్మ. నువ్వు తాగించు" అన్నాను.

నేరుగా ఆస్పత్రికి రా. ఆ పేరు అడగడానికైతే మాత్రం రావద్దు.

నీ అక్క