ఎనాక్ తాత దగ్గు

థార్న్‌బెక్, యార్క్‌షైర్
4 ఫిబ్రవరి 1954

రేడియో నాటకాల ఆఫీసు పెద్దకు,

నేను టాబితా గార్‌సైడ్‌ని. వయసు డెబ్బై తొమ్మిది. ఇంట్లో నేను, కోడలు ఎడ్నా, ఒక రేడియో. చెబుతున్నది నేను, రాస్తున్నది కోడలు.

మీ బుధవారం నాటకంలో ముసలి రైతు ఎనాక్ మూడు వారాలుగా దగ్గుతున్నాడు. పట్టించుకునే నాథుడు లేడు. అతనికేమైనా అయితే ఊరుకోను. బాతు కొవ్వు పంపుతున్నాను.

"అత్తయ్యా, అది నాటకం" అంది ఎడ్నా.

"దగ్గు నాటకం కాదు. నోరుమూసుకుని రాయి" అన్నాను.

కోపంతో,
టాబితా

తా.క. కొవ్వు ఛాతీకి రాయాలి, తాగకూడదు. మా ఆయన తాగాడు. ఇరవై ఏళ్ళుగా ఒంటరిదాన్ని.

*

8 ఫిబ్రవరి

శ్రీమతి గార్‌సైడ్ గారికి,

ఎనాక్ మనిషి కాదు, గొంతు. ఆ గొంతు లెనార్డ్ థ్రాప్ అనే నటుడిది. పదిహేడో ఏట ఊరూరా తిరిగే నాటకాల కంపెనీలో తెర వెనక గుర్రమై సకిలించి పైకొచ్చిన ఘనుడు. మా నాటకంలో డాక్టరూ, పాస్టరూ, ఎనాక్ కుక్కా కూడా ఆయనే.

నెలాఖరుకు ఎనాక్ చనిపోతాడు. ఆపై డాక్టరుకు పనుండదు. పాతిపెట్టాక పాస్టరుకూ ఉండదు. కుక్క బెంగతో పోతుంది. థ్రాప్ ఇంటికి పోతాడు. రెండొందల మంది సంతకాలు పెడితే తప్ప పైవాళ్ళు వినరు. మీ పల్లెలో అంత పౌరుషం ఎక్కడిది?

ఇట్లు,
హెచ్. క్రాబ్‌ట్రీ, ఫిర్యాదుల అధికారి

తా.క. కొవ్వు తిరిగి పంపలేము. అయిపోయింది. ఆఫీసులో ఒకరికి దగ్గు తగ్గింది.

*

11 ఫిబ్రవరి

క్రాబ్‌ట్రీ,

'గారు' అనను. రోగీ డాక్టరూ ఒకడే అయితే మందు ఎలా పనిచేస్తుంది? తన శవం మీద తనే ప్రార్థన చదువుకుని, తన సమాధి దగ్గర తనే మొరగాలా?

ఉన్న పాతిక గడపలూ తొక్కాను. నలభై మూడు మంది సంతకాలో, రానివాళ్ళు గుర్తులో పెట్టారు. మాంసం కొట్టు హోరెస్ "రేడియోలో చావుకు నేనెందుకమ్మా?" అన్నాడు.

"నీ సాసేజీల్లో రొట్టెపొడి ఎంతో ఊరికి చెప్పనా?" అన్నాను. కలం అడిగాడు.

ఇంకా కోపంతో,
టాబితా

తా.క. మా పాస్టరు కూడా పెట్టాడు. మీ పాస్టరు కంటే తను బాగా చదువుతాడని రాయమన్నాడు. అబద్ధం.

*

15 ఫిబ్రవరి

టాబితా అమ్మగారికి,

నేను క్రాబ్‌ట్రీ గారి దగ్గర పనిచేసే పిల్లని. ఆయనది రాతిగుండె. మీ ఉత్తరం చదివి ఏడ్చాను. కానీ నలభై మూడు చాలవు. కొండ అవతలి లాంకషైర్ వాళ్ళు తమ చేపలమ్మే ఆవిడ పాత్రను బతికించుకోవడానికి నూట తొంభై పంపారు. యార్క్‌షైర్ వాళ్ళ చేత కాదని ఆయన నవ్వుతున్నారు. చూడలేక చెబుతున్నాను.

మీ మేలు కోరే,
మిస్ పినక్

తా.క. యార్క్‌షైర్ పుడ్డింగ్ కూడా తామే బాగా చేస్తామని వాళ్ళు రాశారు.

*

25 ఫిబ్రవరి

నాయనా లెనార్డ్,

అవును, నీకే.

నిన్న ఎనాక్ మంచం దిగి ఓట్స్ జావ అడిగాడు. అడగడా మరి! పోయిన వారం రెండొందల పన్నెండు గుర్తులు నీకు కాదు, నేరుగా పైవాళ్ళకే పంపాను.

నాకు చదువు రాదు. కానీ ఆరో ఏటి నుంచి ఉన్ని అల్లుతున్నాను. ఏ మేజోడు ఏ చేతిదో చూడగానే చెబుతాను. క్రాబ్‌ట్రీ రాత నిటారుగా ఉంది, పినక్ రాత వయ్యారంగా ఉంది. కానీ రెండింట్లోనూ ప్రతి అక్షరం తోకా ఒకే తీరుగా మెలి తిరిగింది. ఎనాక్ బతకాలన్న ఆత్రం ఆ ఆఫీసులో నీకు తప్ప ఎవరికుంటుంది? ఆఫీసుకొచ్చిన నా ఉత్తరం నీ చేతికి చిక్కింది, నన్ను రెచ్చగొట్టడానికి రెండు వేషాలు కట్టావు. తప్పులేదు, పొట్ట కోసం. నీ పని దక్కింది, నా బుధవారం దక్కింది.

దీవెనలతో,
టాబితా

తా.క. మా ఊరి నలభై మూడు పోను మిగతా నూట అరవై తొమ్మిది గుర్తులూ నేనే పెట్టాను. తాగుబోతులా కొన్ని, కొత్త పెళ్ళికూతురిలా కొన్ని, ఎడమ చేత్తో మొండి ముసలాళ్ళవి కొన్ని. పేర్లు సమాధి రాళ్ళ మీంచి ఎడ్నా ఎక్కించుకొచ్చింది. వేషాలు నీ ఒక్కడికే వచ్చనుకున్నావా?

టాబితా గార్‌సైడ్ గుర్తు: X

సాక్షులు: ఎడ్నా గార్‌సైడ్, హోరెస్ మెట్‌కాఫ్
(వీళ్ళిద్దరూ బతికే ఉన్నారు.)