నన్ను క్షమించేశాడట

7 మార్చి 1999, ఆదివారం. హిందూపురం
చర్చిలో సాక్ష్యాల సమయం; ఒక్కొక్కరూ లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకుంటారు. దేవదానం మాస్టారు లేచాడు. పోయిన ఏడాది మా సంఘంలో చేరిన మనిషి, నాతో నమస్కారం తప్ప మాట లేదు. “ఈడ కూచోనుండే విలేకరి బ్రదర్‌ను నేను పూర్తిగా క్షమించినాను” అన్నాడు. అందరూ “స్తోత్రం” అన్నారు. నేనూ అన్నాను, అలవాటు కొద్దీ. సంఘంలో విలేకరిని నేనొక్కడినే అని ఆ తర్వాత తట్టింది.

గేటు దగ్గర ఆపి అడిగాను... దేనికని.
“క్షమించినాక మళ్ళా తలుచుకోగూడదబ్బా.”
“నేరం చెప్పకుండా క్షమిస్తే ఎట్లా మాస్టారూ?”
“ఆరేండ్లు రొళ్ల బస్సులో తిరిగినోన్ని, నాకు తెలుసులే.” సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

8, సోమవారం
మా ఆవిడ సరోజ కాఫీ ఇవ్వలేదు. “ఆ ఆడమనిషి ఎవురో చెప్పు. నేనూ క్షమిస్తా.”

10, బుధవారం
ఉపవాస ప్రార్థన. ప్రార్థించవలసిన వారి జాబితాలో నా పేరు — పక్షవాతం వచ్చిన ఎస్తేరమ్మకు పైన. పాస్టరు గారు చెవిలో: “ఈస్టరు లోపల మాస్టారుతో సమాధానపడు బ్రదర్. అంతవరకు రొట్టె, ద్రాక్షరసం తీసుకోను ప్రభు బల్లకు రాకపోతే మంచిది.” దొంగకైనా ఏం దొంగిలించాడో చెప్తారు.

15, సోమవారం
ధర్మవరంలో చేనేత కార్మికుల ధర్నా. రొళ్ల సంగతి ఆరా తీద్దామని తిరుగుదారిలో పెనుకొండలో దిగాను. నారాయణప్పను కలిశాను, విద్యాశాఖలో గుమాస్తాగా రిటైరైనవాడు. దేవదానాన్ని జిల్లా కొసన ఉన్న రొళ్లకు బదిలీ చేసిన ఉత్తర్వు టైపు చేసింది తనేనట.
“నువ్వు రాసినదానికే కదప్పా! పరిగి కాడ బడిలో అయివారు నిద్రపోతాండాడని.”
గుర్తొచ్చింది. 1992. కిటికీలోంచి చూశాను. ముఖం మీద పేపరు కప్పుకుని గురక. మా పేపరే. మనిషి పేరు రాయలేదు, బడి పేరు రాశాను. ఆ బడికి ఉన్నది ఒకే అయ్యవారు.
“వాళ్ళమ్మ ఆస్పత్రిలో ఉండె. మూడు దినాలు ఈయప్ప కునుకు తీయలేదంట. నువ్వు అడగలేదా?”
అడగలేదు.

16, మంగళవారం
ఆ వార్త పాత కత్తిరింపు వెతికి చదివాను. ఒక్క తప్పు లేదు. రెండోసారి చదవలేకపోయాను.

18, గురువారం
సరోజకు చెప్పాను. కాఫీ వచ్చింది. “ఇంతేనా?” అంది, కొంచెం నిరాశగా. కత్తిరింపు చేతికిచ్చాను. చదివి మడిచింది. “ఆడమనిషి అయింటేనే బాగుండె.”

19, శుక్రవారం
ఆదివారం చెప్పవలసింది రాస్తున్నా. “అప్పటి పరిస్థితుల దృష్ట్యా” — కొట్టేశాను. “ఎవరి మనసైనా నొచ్చి ఉంటే” — ఇది మా ఎడిటర్ వాక్యం. కొట్టేశాను. మిగిలింది: నిద్ర చూశాను. కారణం అడగలేదు. తప్పు నాది.

21, ఆదివారం
లేచాను. ఇన్నేళ్ళలో ఎందరి చేతో మాట్లాడించాను... ఈరోజు వంతు నాది. ఎలాగో ఆ మూడు ముక్కలూ చెప్పాను. క్షమించమని దేవదానం వైపు తిరిగాను.
గోడకు తల ఆనించి, నోరు తెరిచి, నిద్ర.
వెనక ఎవరో కిసుక్కుమన్నారు. లేపమని పాస్టరు గారి సైగ. చెయ్యి చాచాను — ఆగాను. ఆడవాళ్ళ వరుసలో ఆయన భార్య రూతమ్మ. దగ్గరికి వెళ్ళి, ఈసారి అడిగాను, ఎందుకు నిద్రపోతున్నాడని.
“తెల్లార్లూ మోకాళ్ళ మీదే ఉండెనన్నా. నీ మనసు మారల్లని.”
వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను. లేపలేదు. పాట మొదలయ్యాక కళ్ళు తెరిచాడు. నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు.
“ఏమబ్బా, సాక్ష్యాలు అయిపాయనా?”
“ఇంకా ఒకటుంది మాస్టారూ” అన్నాను.
పాటలో వినపడిందో లేదో...