ఇసుకలో మగ్గం

భువనగిరి. 1962 ఆగస్టు, బుధవారం రాత్రి.

ఇవాళ కూడా యాదమ్మ బాలవాడికి రాలేదు. ఐదేళ్ల పిల్ల. తల్లి పోయినప్పటి నుంచి రెండు నెలలు మూలన కూర్చుంది తప్ప నోరు విప్పలేదు. పోయిన వారం నేనే ఇసుకలో చిన్న గుంట తవ్వి, రెండు పుల్లల మధ్య దారాలు కట్టి, పిల్లల్ని మగ్గం ఆట ఆడుకోమన్నాను. యాదమ్మ లేచి వచ్చి గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. తెగిన దారాన్ని ముడివేసి, "గిట్లేస్తే ముడి కనవడది. మా అమ్మ చెప్పింది" అన్నది. సంతోషం పట్టలేక వాళ్ల నాయిన నర్సింహను పిలిచి మరీ చూపించాను. చూపించకపోతే బాగుండేది.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. యాదమ్మ రాట్నం ముందు కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుడుతోంది.

"కండెలు మా ఇంటామెనే చుట్టేది. ఆమె పోయినంక మగ్గం ఆగింది. పిల్లకు గింత చేతనైతదని మీరు చూపెట్టెదాక నాకు ఎర్కలేకుండె పంతులమ్మా" అని నర్సింహ దండం పెట్టాడు.

పిల్లను పంపమని అడగడానికే వెళ్లాను. మగ్గం మళ్లీ ఆగితే వాళ్లు ఏం తింటారు? దండం పెట్టినవాణ్ని ఏమని కోప్పడను?

వచ్చేస్తుంటే యాదమ్మ రాట్నం ఆపకుండానే అడిగింది. "పంతులమ్మా, గీ ఆట ఎప్పుడు అయిపోతది?"

బడిలో సగం మంది నేతవాళ్ల పిల్లలే. ఆ గుంట ఇంకా పూడ్చలేదు. పొద్దున రాగానే మగ్గం ఆటే కావాలంటారు.