కాయం తిన్నది లిండా

అమ్మకు, నాన్నకు కరుణ వందనాలు.

అమ్మా, ఫోన్లో చెప్పే వీలు లేక రాస్తున్నాను. నేను ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు. పక్కనే సలోమి పిన్ని ఉంటుంది. అసలు మాట ఎత్తగానే సిగ్నల్ లేదంటావు. నెలాఖరు ఆదివారం మనవరాలి కోసం కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నారని తెలిశాక ఇక ఆగలేకపోయాను. మా ఆసుపత్రిలో నర్సుగా చేసే సత్తెనపల్లి అమ్మాయి సెలవు మీద వస్తోంది, ఆమె చేతికిస్తున్నాను. బైబిలు చదివినట్టు నిదానంగా కూడబలుక్కుని చదువు. పెద్ద అక్షరాలే రాశాను. చదివి పెట్టమని ఎవరికీ ఇవ్వకు.

మీ ఒంట్లో ఎలా ఉంది? నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? మిరపకాయలు కల్లంలో ఉండగానే వాన పడిందట, పట్టాలు కప్పారా? నేను బాగానే ఉన్నాను, దిగులు పడకు. ఇక్కడ మంచు ఇంకా కరగలేదు. పచ్చిమిరపకాయలు దొరుకుతాయి కానీ కారం ఉండదు. కెనడా వచ్చిన దగ్గర్నుంచి డ్యూటీ దిగి తాళం తీసుకుని చీకటింట్లోకి వెళ్లేదాన్ని. ఇప్పుడు మెట్ల మీద ఉండగానే పాప ఏడుపు వినిపిస్తోంది. తమ్ముడూ టామూ పాపతో నా దగ్గరే ఉన్నారు. పాప బాగుంది, నిజంగా బాగుంది.

నువ్వు పంపిన పార్సిల్ అందింది. బాలింతకని కాయం ఉండలు, వెల్లుల్లి కారం, పసుపు రంగు చీర. చీర కోడలికని చీటీ కూడా పెట్టావు. ఏ కోడలమ్మా? తమ్ముడు ప్రకాశ్, టామ్ ఐర్లాండ్‌లో ఒకే ఇంట్లో మొగుడూపెళ్లాల్లా బతుకుతున్నారని నీకూ నాన్నకూ రెండేళ్లుగా తెలుసు. పాపను కడుపున మోసింది లిండా అనే ఆమె. టీవీలో అద్దె గర్భం అంటారే, అదే. నాకా మాట నచ్చదు. ఇక్కడ ఖర్చులు తప్ప అద్దె ఇస్తే నేరం. ఆమె ఇష్టపడి మోసింది. గుంటూరులో ఇంత పెద్ద పెద్ద ఆసుపత్రులున్నాయి కదా అన్నావు. ఇలాంటి జంటకు మన దేశంలో చట్టం ఒప్పుకోదు, వాళ్ల దేశంలోనూ కుదరక ఇంత దూరం వచ్చారు.

కాయం పారేయడానికి మనసు రాలేదు. కన్నామె తినాలి కదా అని లిండాకు ఇచ్చాను. మొదటి ముద్దకే మొహం చిట్లించి, "ఇది మందా, శిక్షా?" అంది. అయినా రోజూ తింటోంది. మొన్న సలోమి పిన్ని ఫోన్ చేసి, "ఏమే కరుణా, కోడలు కాయం తింటందా? వేడి చేసిద్దని మానేసిద్దేమో, మాననీమాక! చేతులు మండిపొయ్యేదాకా దంచా" అంది. "కన్నామె తింటోంది పిన్నీ" అన్నాను. అబద్ధం కాదు. కానీ నీ అబద్ధానికి నా నిజం కూడా కాపు కాసింది. ఆ రోజంతా నామీద నాకే చిరాకు.

దానిపైన నువ్వు, "ఎవరో ఒక తెల్లపిల్లని పక్కన నిలబెట్టి ఫొటో పంపవే, పొయ్యేదేముంది? కూడికలో చూపించాల" అంటావు. దేవుడికి కృతజ్ఞత చెప్పే చోటే అబద్ధం ఆడతావా అమ్మా?

ఐర్లాండ్ వకీలు, అక్కడి చట్టానికి ఇప్పటికి తండ్రి ఒక్కడేనని, రెండో అతను కోర్టు చుట్టూ తిరగాలని అన్నాడు. ఆఫీసుల్లో అడిగేది తల్లి ఎవరని. మన వీధిలో అడిగేదీ అదే. ఇద్దరు మనుషులు నిద్ర మానుకుని వంతులవారీగా పాలు పడుతున్నారు. వాళ్ల సంగతి ఎవరికీ పట్టదు. పాప ఎవరి రక్తమని నువ్వూ ఇప్పటికి మూడుసార్లు అడిగావు. పాప పాలు తాగిందా అని ఒక్కసారైనా అడిగావా?

మన ఇంట్లో తొలి ఆడపిల్లకు నాయనమ్మ పేరు పెడతారు. నాకు అలాగే పెట్టారు. పాపకు నీ పేరు, సుగుణ అని పెట్టాలని తమ్ముడి కోరిక. పెడదామంటే టామ్ తయారు, తమ్ముడే వెనకాడుతున్నాడు. "అమ్మ పేరు పెట్టినాక అమ్మే దాని పుట్టుక దాస్తే ఎట్టా అక్కా? నా పేరుగలామె మా నాన్నల్నెందుకు దాచిందని రేపు పిల్ల అడిగిద్ది" అన్నాడు.

కోపంగా రాశానని బాధపడకు. నేను చదువుకుంటానన్నప్పుడు వీధి వీధంతా నవ్వితే, కల్లం మధ్యలో నిలబడి, "నా కూతురు, నా ఇష్టం" అన్నది నువ్వే. అదే నోటితో ఇప్పుడు ఒక్క మాట కావాలి.

పాస్టరు గారికి, సలోమి పిన్నికి నా వందనాలు చెప్పు. మా కోసం ప్రార్థన చెయ్యి. పసుపు చీర లిండాకు ఇవ్వనా? వీలైతే సత్తెనపల్లి అమ్మాయి చేత నీ పాత నూలు చీరలు రెండు పంపు, పాప కింద పరవడానికి మెత్తగా ఉంటాయి. కూడికకు ఫొటో కావాలంటే ఇద్దరు నాన్నల మధ్య పాప ఉన్నదే పంపుతాను, వేరేది పంపను.

పాప పేరు నమోదు కాగితం ఇరవయ్యో తారీఖున ఇవ్వాలి. ఆలోపు స్పీకర్ ఆపేసి, పెరట్లోకి వచ్చి ఫోన్ చెయ్యి. నీ పేరు పెట్టమంటావో వద్దంటావో చెప్పు. ఇరవై పొద్దునదాకా ఆ చోటు ఖాళీగానే ఉంచుతాం.

నీ కూతురు,
కరుణ