నలభై దగ్గర ఆరిపోయిన ఫోన్

గిద్దలూరు,
ఆదివారం.

హారికమ్మా, నాయన రాస్తున్నాను. ఇక్కడ అందరం క్షేమం, నీ మీదే బెంగ.

ఆ రోజు ఫోన్ నేను కట్ చేయలేదమ్మా. "నాయనా, ఒక మాట చెప్తా, కోప్పడొద్దు" అన్నావు, అంతలో అదే ఆరిపోయింది. అంతకుముందు చూసినప్పుడు నలభై శాతం ఉంది. ఇదివరకు కోపంలో రెండుసార్లు కట్ చేసినవాణ్ని కాబట్టి మీ అమ్మ కూడా నన్ను నమ్మలేదు. వారం నుంచి నువ్వు మా ఫోన్ ఎత్తడం లేదు, అందుకే ఈ కార్డు.

సెల్ దుకాణం నాగమణికి చూపించాను. "బ్యాటరీ బాగనే ఉంది మామా, ఎంత ఉందో చూపించే లెక్కే తప్పింది. మోటారు కాడ కరెంటొచ్చినప్పుడల్లా కాసేపు పెట్టి లాగేస్తే, నిండేదెప్పుడో ఆరేదెప్పుడో దానికెట్ల తెలుస్తాది? ఒకసారి పూర్తిగా ఆరిపోనీ. మళ్లా నూరయ్యేదాకా ముట్టుకోవద్దు" అన్నది. నిన్న ఫోన్లో టార్చి వేసి మంచం మీద పెట్టి, నేనూ మీ అమ్మా ఎదురుగా కూర్చున్నాం. ముప్పై ఎనిమిది చూపిస్తూనే మా కళ్లముందు ఆరిపోయింది. "పాపం, నువ్వు కాదులే" అన్నది మీ అమ్మ.

కందిపొడి ఇంకా ఉందా, అయిపోయిందా? హాస్టల్లో నీళ్ల ఇబ్బంది తీరిందా? మన పక్కింటి కిరణ్ అటు వస్తాడంట, ఏం కావాలో చెప్తే పంపుతాం. చల్లగా ఉండు తల్లీ.

ఫోన్ ఇప్పుడు నూరు చూపిస్తోంది, ఇది నిజమైన నూరే. ఆ రోజు ఆగిన మాట అక్కడి నుంచే చెప్పు. నాకు కోపం రాదని చెప్పలేను గాని, నువ్వు చెప్పేదంతా అయ్యేదాకా ఫోన్ పెట్టెయ్యను.

నాయన